ఫోటో కింద నాలుగు ముక్కలు

పండగ నెల పట్టగానే ఫేస్‌బుక్‌లో, వాట్సాప్‌లో, యూట్యూబ్‌లో ఎక్కడ చూసినా ముగ్గుల ఫోటోలే. వాటిలో రంగుల కన్నా, అందం కన్నా నాకు నచ్చేది కింద రాసే ఒక్క లైను. "15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు." అంతే. మధ్య వరుసలో 15 చుక్కలు పెట్టి, పైకీ కిందకీ వరుసకొక చుక్క తగ్గించుకుంటూ 8 దాకా వెళ్ళాలని, ఒక వరుస చుక్క పక్క వరుసలోని రెండు చుక్కల సందులోకి రావాలని దానర్థం. అదే "15 చుక్కలు, ఎదురు చుక్క, 1 వరకు" అంటే లెక్క మారిపోతుంది, వరుసకి రెండేసి చుక్కలు తగ్గుతాయి. ఆ లైను చదివినవాళ్ళు ఏ దేశంలో ఉన్నా మర్నాడు పొద్దున్నే తమ గుమ్మం ముందు అదే ముగ్గు వేసుకోగలరు. వారపత్రికల్లో ముగ్గుల పేజీలు వచ్చే రోజుల నుంచీ ఉన్న పద్ధతి ఇది. ఫోన్లు వచ్చాక కూడా మన ఆడవాళ్ళు దాన్ని వదల్లేదు.

మిగతా హాబీల్లో ఈ అలవాటు దాదాపు లేదు. పాత గుళ్ళు తిరిగి ఫోటోలు తీసేవాళ్ళు, నాణేలు, స్టాంపులు, అగ్గిపెట్టె లేబుళ్ళు దాచేవాళ్ళు, పిట్టల వెనక పడేవాళ్ళు రోజూ ఎన్నో మంచి ఫోటోలు పెడుతున్నారు. కింద చూస్తే "అద్భుతం", "నా ఈ రోజు క్లిక్", రెండు చేతులు జోడించిన బొమ్మ. ఎక్కడిది, ఎప్పుడు తీసింది, ఎంత పొడవుంది అన్నవి ఉండవు. అవి లేకుండా పంచుకున్న ఫోటో సగమే పంచుకున్నట్టని నా వాదన. రాయకుండా వదిలేసిన సగం ఒక్కోసారి ఫోటో కన్నా విలువైనది.

సెలవు దొరికితే శాసనాలు, వీరగల్లులు (పోరులో చనిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన రాళ్ళు), ఊరి చివర పాడుబడ్డ గుళ్ళు చూడ్డానికి వెళ్ళే మనిషిని నేను. వెళ్ళేముందు ఆ చుట్టుపక్కల ఎవరైనా ఏమైనా తీశారా అని నెట్‌లో వెతుకుతాను. మంచి స్తంభం కనబడుతుంది, ఊరి పేరు ఉండదు. అడిగితే "నల్లగొండ దగ్గర బ్రో" అంటారు. నల్లగొండను ఆనుకుని ఉన్న పానగల్లులోనే ఛాయా సోమేశ్వరం, పచ్చల సోమేశ్వరం అని రెండు పాత గుళ్ళున్నాయి, రెండిటి నిండా శిల్పాలే. ఇక జిల్లా అంతా ఎన్నున్నాయో! తీసిన మనిషికి ఆ రోజు అన్నీ గుర్తుంటాయి. రెండేళ్ళు పోతే అతనికే గుర్తుండదు.

దీని వల్ల ఎవరికి నష్టం అని అడిగేవాళ్ళకి చందవరం గురించి చెబుతాను.

దొనకొండకి దగ్గర్లో, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న ఊరు చందవరం. అక్కడ కొండ మీద బౌద్ధ స్తూపం ఉంది. 1960లలో బయటపడింది, 1970లలో తవ్వకాలు జరిగాయి. దొరికిన సున్నపురాయి శిల్పాలను అక్కడే ఉంచారు. 2000 తర్వాత వాటిలో కొన్ని దొంగల పాలయ్యాయి. బుద్ధుణ్ణి ఆరాధిస్తున్న భక్తుల ఫలకం ఒకటి న్యూయార్క్ చేరింది. 2005లో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలోని నేషనల్ గ్యాలరీ దాన్ని దాదాపు 6 లక్షల డాలర్లు పెట్టి కొన్నది. ఎన్నో దశాబ్దాల కిందటే అది ఇండియా దాటిందని చెప్పే కాగితాలు దానితో పాటే వచ్చాయి. మన 1972 నాటి పురావస్తు చట్టం కన్నా ముందే బయటికి పోయిందని చూపిస్తే కొనేవాళ్ళకి ధైర్యం కదా. ఆ కాగితాలు అబద్ధమని తేలింది ఫోటో వల్ల. 1990లలో ఆ రాయి ఇంకా ఇండియాలోనే ఉందని చూపే ఫోటో బయటికి రావడంతో గ్యాలరీకి మారుమాట లేకపోయింది. 2016లో దాన్ని మన దేశానికి అప్పగించారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. ఆ రాయి ఇంటికి రావడానికి కారణం శిల్పం అందంగా పడిన ఫోటో కాదు. ఎక్కడ తీశారో, ఏ కాలంలో తీశారో తెలిసిన ఫోటో. అదే ఫోటో "ప్రాచీన భారతీయ శిల్పకళ" అన్న మాటతో మాత్రమే ఉండి ఉంటే, గ్యాలరీ లాయరు ఏమంటాడో ఊహించుకోవచ్చు. ఇది 1960లో తీసింది కాదని నమ్మకం ఏమిటి? ఇది చందవరమేనని ఎవరు చెప్పారు?

తమిళనాడులో శ్రీపురంతన్ నటరాజు కథ ఇంకా ప్రసిద్ధం. అరియలూరు జిల్లాలో పూజలు ఆగిపోయిన గుడి నుంచి 2006లో విగ్రహాలు ఎత్తుకుపోయారు. నటరాజును న్యూయార్క్ వ్యాపారి సుభాష్ కపూర్ గ్యాలరీ నుంచి అదే కాన్‌బెర్రా గ్యాలరీ 2008లో 50 లక్షల డాలర్లకు కొన్నది. పాండిచ్చేరిలోని ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 1950ల నుంచీ దక్షిణాది గుళ్ళు తిరిగి ఫోటోలు తీసి, ఊరు, తేదీ రాసి భద్రం చేశారు. శ్రీపురంతన్ గుడిలో 1994లో తీసిన ఫోటో వాళ్ళ దగ్గర ఉంది. దాన్నీ గ్యాలరీ బొమ్మనీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళకి అనుమానమే మిగల్లేదు. 2014 సెప్టెంబర్‌లో ఆస్ట్రేలియా ప్రధాని స్వయంగా తెచ్చి ఢిల్లీలో అప్పగించాడు.

ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ పెద్ద సంస్థ, మనబోటి హాబీ వాళ్ళకి దానితో పోలికేమిటి అనకండి. ఇలాంటి విగ్రహాలను వెతికి పట్టుకున్నవాళ్ళలో ముందు వరసలో ఉన్నది హాబీ వాళ్ళే. ఎస్. విజయ్ కుమార్ సింగపూర్‌లో షిప్పింగ్ రంగంలో పనిచేస్తూ, ఖాళీ వేళల్లో గుడి శిల్పాల గురించి నెట్‌లో రాసుకునే మనిషి. ఆయనా, ఆయనతో కలిసిన ఇండియా ప్రైడ్ ప్రాజెక్ట్ వాలంటీర్లూ వేలంపాటల కేటలాగులు, మ్యూజియం వెబ్‌సైట్లు చూసి పాత ఫోటోలతో పోల్చుకుంటూ వచ్చారు. 1961లో నలందా మ్యూజియం నుంచి పోయిన కంచు బుద్ధుణ్ణి 2018 మార్చిలో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో జరిగే కళావస్తువుల సంతలో ఆయనా, మరో కళాచౌర్యాల పరిశోధకురాలూ గుర్తుపట్టారు. పోయిన 57 ఏళ్ళకి, అదే ఏడాది ఆగస్టు 15న, లండన్‌లో దాన్ని మన రాయబారికి ఇచ్చేశారు. అన్నేళ్ళ తర్వాత కూడా గుర్తుపట్టగలిగారంటే పోకముందు తీసిన ఫోటో, దాని మీద వివరం ఉండబట్టే.

మన దగ్గర ఈ చరిత్ర ఇంకా వెనక్కి పోతుంది. అమరావతి స్తూపం గురించి ఈ రోజు మనకి తెలిసినదాంట్లో పెద్ద వాటా కాలిన్ మెకంజీ బొమ్మలదే. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు రాజధానిని అమరావతికి మార్చాక, స్తూపం ఉన్న దీపాలదిన్నెను తవ్వి ఇటుకలూ రాళ్ళూ ఇళ్ళకీ మెట్లకీ వాడుకున్నారు. మెకంజీ 1816లో మళ్ళీ వచ్చి చిత్రకారులతో ఒక్కో ఫలకాన్నీ గీయించాడు. అప్పటికి ఫోటోలు లేవు. కానీ ఆ బొమ్మల మీద కొలతలున్నాయి, తేదీలున్నాయి. ఆ బొమ్మల్లోని రాళ్ళలో చాలావాటి ఆచూకీ ఇప్పుడు లేదు. వాటిని చూడాలంటే లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ఆ బొమ్మలే గతి. సర్వే ఉద్యోగంలో ఉన్న మనిషి ఆసక్తి కొద్దీ చేయించిన పని అది. ఆ తర్వాత 1858లో మద్రాసులో లినేయస్ ట్రైప్ అమరావతి రాళ్ళను ఫోటోలు తీశాడు. మరుసటి ఏడు వాటిలో చాలా రాళ్ళు ఓడెక్కి లండన్ వెళ్ళిపోయాయి. ఏ రాయి ఎప్పటికి ఏ స్థితిలో ఉందో పోల్చి చూసుకోవడానికి ఈ బొమ్మలూ ఫోటోలే మనకున్న ఆధారం.

మనం తీసే ఫోటోలకి కూడా అదే అవసరం రావచ్చు, దానికి దొంగలే రానక్కర్లేదు. ఊళ్ళో భక్తి పెరిగితే చాలు. పల్నాడులో ఒక ఊరి చావడి దగ్గర ఉన్న వీరగల్లుని చూడ్డానికి వెళితే, దాని నిండా ఎనామిల్ పెయింట్ వేసి ఉంది. వీరుడి మీసాలకి నలుపు, కత్తికి వెండి రంగు, కింద అక్షరాలున్న పట్టీకి చిక్కటి పసుపు. ఊరివాళ్ళు ప్రేమతోనే వేశారు, వాళ్ళని తప్పు పట్టలేం. అక్షరాలు మాత్రం పూడిపోయాయి. తర్వాత నెట్‌లో వెతికితే ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి రంగు వేయకముందు తీసిన ఫోటో ఒకటి దొరికింది. కింద ఊరు, మండలం, "చావడి పక్కన, తూర్పు ముఖం" అని, తేదీ వేసి ఉన్నాయి. సాయంత్రం ఎండలో తీశాడు కాబట్టి అక్షరాల అంచులు నీడలో తేలాయి. శాసనాలు చదవగలిగిన ఒక పెద్దాయనకి పంపితే రెండు పంక్తులు చదివి చెప్పారు. ఆ తెలియని మనిషికి నేను మనసులో ఎన్నిసార్లు దండం పెట్టుకున్నానో!

కొన్నిచోట్ల గుడి బాగుచేస్తున్నామని రాతి గోడలకి శాండ్‌బ్లాస్టింగ్ చేయిస్తున్నారు. ఇసుకను ప్రెషర్‌తో కొడితే సున్నంతో పాటు లోతు తక్కువ అక్షరాలు కూడా ఊడిపోతాయి. రోడ్డు వెడల్పులో రాళ్ళు పక్కకి జరుగుతాయి, కల్వర్టు కింద చేరిపోతాయి. ఈ మార్పులన్నిటికీ ముందు ఆ ఊరి మీదుగా పోతూ ఎవరో ఒకరు ఫోన్ తీసి ఉంటారు. ఆ ఫోటో వాళ్ళ ఫోన్‌లోనే ఉంటుంది, ఊరు పేరు లేకుండా.

ఈ మాట అన్నప్పుడల్లా ఒక అభ్యంతరం వస్తుంది. అది చిన్న అభ్యంతరమేమీ కాదు. "ఊరు పేరు రాస్తే దొంగకి దారి చూపించినట్టు కాదా?"

నేను దీని గురించి చాలా ఆలోచించాను. రాతి, లోహ విగ్రహాల విషయంలో నా జవాబు: కాదు. ఏ గుడికి కాపలా లేదో స్థానికంగా తెలిసినవాళ్ళ ద్వారానే చాలావరకు ఈ దొంగతనాలు జరుగుతాయి. దొంగకి కష్టమైన పని వస్తువును అమ్మడం. పెద్ద మ్యూజియం కొనాలంటే దాని వెనక కథ శుభ్రంగా కనబడాలి. ఎక్కడా ఫోటో లేని విగ్రహానికి ఏ కథ అయినా అతికించవచ్చు. పదిమంది పది కాలాల్లో ఊరు పేరుతో సహా ఫోటోలు పెట్టిన విగ్రహాన్ని కొనడానికి ఎవరికైనా చేయి వణుకుతుంది. గుడి తాళం ఎక్కడ పెడతారు, పూజారి ఎప్పుడు వస్తాడు, ఏ గోడ కూలి ఉంది, ఇవి రాయనక్కర్లేదు. ఊరు, మండలం, తేదీ మాత్రం రాయాలి.

ప్రాణమున్నవాటి దగ్గరికి వచ్చేసరికి నా జవాబు పూర్తిగా తిరగబడుతుంది. గుత్తి పేరుతో ప్రపంచమంతా తెలిసిన నీలి సాలీడు ఉంది, మెరిసే నీలం ఒళ్ళు, పసుపు మచ్చలు. 1899లో గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన ఒకే ఒక్కదాన్ని చూసి పోకాక్ అనే శాస్త్రవేత్త దానికి పేరు పెట్టాడు. కలపతో పాటు రైల్లో వచ్చిన పురుగు అది, దాని అసలు ఇల్లు గుత్తి కాదు. మళ్ళీ నూరేళ్ళ దాకా అది ఎవరి కంటా పడలేదు. 2001లో నంద్యాలకీ గిద్దలూరుకీ మధ్య అడవిలో దొరికింది. ఆ సంగతి బయటికి వచ్చిందో లేదో, విదేశాల్లో సాలీళ్ళు పెంచుకునేవాళ్ళ కళ్ళన్నీ దాని మీద పడ్డాయి. ఇప్పుడది అంతరించే ముప్పు తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో ఉంది. 2019లో దాని ఎగుమతి దిగుమతుల మీద అంతర్జాతీయ నియంత్రణ వచ్చింది. దాన్ని ఫోటో తీసి, ఏ చెట్టు తొర్రో మ్యాప్‌లో గుర్తు పెట్టి పంచుకోవడం చాలా ప్రమాదం. లంకమల అడవుల కలివికోడిది ఇంకో కథ. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, ఇక లేదనుకున్న పిట్ట 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. అలాంటి పిట్ట ఎవరి కంటైనా పడితే చోటు చెప్పాల్సింది అటవీ శాఖకి, శాస్త్రవేత్తలకి. లోకానికి కాదు.

రాయిని ఊరి పేరు కాపాడుతుంది, ప్రాణిని చంపుతుంది. ఈ తేడా ఐనాచురలిస్ట్ లాంటి వెబ్‌సైట్లు బాగా అర్థం చేసుకున్నాయి. ముప్పున్న జీవి ఫోటో పెడితే అవే ఆ చోటును చుట్టూ చాలా కిలోమీటర్ల మేర మసకచేసి చూపిస్తాయి. అసలు చోటు రికార్డులో భద్రంగా ఉంటుంది, పరిశోధన చేసేవాళ్ళు అడిగి తీసుకోవచ్చు. దాచినా చెరిపేయకుండా ఉండే ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది. కాబట్టి అడవిలో తీసినప్పుడు కూడా వివరం రాసుకోండి, మీ దగ్గర ఉంచుకోండి.

నాణేల వాళ్ళతో నాకు కొంచెం పోట్లాట ఉంది. వాళ్ళు తీసే ఫోటోలు అందరికన్నా చక్కగా ఉంటాయి. దగ్గర లెన్సు, వెలుతురు, నల్లటి వెనకబట్ట. రెండు వైపులా తీస్తారు, కొందరు బరువు గ్రాముల్లో, అడ్డుకొలత మిల్లీమీటర్లలో రాస్తారు. ఒక్కటే రాయరు, ఎక్కడ దొరికిందో.

కోటిలింగాల చూడండి. పెద్దవాగు గోదావరిలో కలిసేచోట ఉన్న ఊరు, ఇప్పుడు జగిత్యాల జిల్లా. అక్కడ మట్టిలో దొరికిన నాణేలను ఆసక్తి ఉన్న స్థానికులు పోగుచేయగా, అవి శాసన పరిశోధకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రి దృష్టికి వచ్చాయి. గోభద, నారన, సమగోప అనే, అప్పటిదాకా పెద్దగా తెలియని రాజుల పేర్లు బయటపడ్డాయి. శాతవాహన వంశానికి మొదటివాడని పురాణాలు చెప్పే సిముకుడి పేరున్న నాణేలూ వచ్చాయి. శాతవాహనుల తొలి అడుగులు తెలంగాణ నేల మీద పడ్డాయనే వాదనకి అవి పెద్ద ఆధారమయ్యాయి. అంత బలం వాటికి ఎక్కడినుంచి వచ్చింది? కోటిలింగాలలో దొరికాయన్న మాట నుంచే. అదే నాణెం ముంబయి వేలంపాటలో ఒక నంబరుతో కనబడితే దాని మీద పేరొక్కటే చదవగలం. ఆ రాజు ఎక్కడ ఏలాడో అది చెప్పలేదు.

చోటు దాచడానికి భయం ఒక కారణమని తెలుసు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దాగి దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి తెలియజేయాలి. చెబితే లాగేసుకుంటారని, చెప్పకపోతే కేసని టెన్షన్. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మీ పొలంలో దొరికితే చట్టం చెప్పినట్టే చేయండి, చేసే ముందు ఫోటో తీసి, ఏ చేలో, ఎంత లోతులో, ఏ కుండలో ఉందో రాసి పెట్టుకోండి. కొన్న నాణెమైతే అమ్మినవాణ్ణి అడగండి. అతను చెప్పిన ఊరిని "అమ్మినవారు చెప్పిన మాట" అని రాయండి. నిజం కాకపోవచ్చు, అయినా ఏమీ లేనిదానికన్నా మేలు. పక్కనే ఇంకో నాలుగు నాణేలకి అదే ఊరు వినబడితే అప్పుడది ఆలోచించాల్సిన విషయమవుతుంది.

చేతిపనులు పెట్టేవాళ్ళ గురించి నాకు పెద్ద ఫిర్యాదు లేదు, చాలామంది ఎలా చేశారో కూడా చెబుతారు. బొమ్మల కొలువు ఫోటోలకి మాత్రం ఒక విన్నపం. పై మెట్టు మీద కూర్చున్న పాత దశావతారాల సెట్టు కొండపల్లిదా, ఎటికొప్పాకదా, నిర్మల్‌దా? తెల్ల పొణికి కర్రా, అంకుడు కర్రా? మీ ఇంటికి ఎవరి కాలంలో వచ్చింది? ఒక్కో తరంలో బొమ్మ ముక్కు తీరు, కట్టిన చీర అంచు, వాడిన రంగు మారుతూ వచ్చాయి. ఏ కాలంలో ఎలా చేశారో చెప్పే పాత బొమ్మలు ఇళ్ళలోనే ఉన్నాయి.

ఇక ఫోటోలు పెట్టే చోట్ల సంగతి. వాట్సాప్‌లో పంపిన ఫోటో చిన్నదైపోతుంది, కెమెరా దానంతట అది రాసుకున్న తేదీ, స్థానం వివరాలు కూడా రాలిపోతాయి. ఫేస్‌బుక్ నుంచి దింపుకున్న ఫోటోకీ ఇంచుమించు ఇదే గతి. అందుకే కెమెరాకి తెలుసులే అని ఊరుకోకూడదు, మాటల్లో రాయాలి. వాట్సాప్‌లో పంపక తప్పకపోతే డాక్యుమెంటుగా పంపండి, అసలు ఫైలు చెడకుండా వెళుతుంది.

వెబ్‌సైట్లు కూడా శాశ్వతం కాదు. పనోరమియో అని ఒకటుండేది. ప్రయాణాల్లో తీసిన ఫోటోని మ్యాప్ మీద సరిగ్గా ఆ చోటే పెట్టొచ్చు, గూగుల్ ఎర్త్‌లో కనబడేది. మన మారుమూల గుట్టలూ చెరువుగట్లూ అక్కడ కనిపించేవి. గూగుల్ 2007లో దాన్ని కొన్నది, 2016 నవంబర్‌లో మూసేసింది. 2017లో ఫోటోలు దాచుకునే ఫోటోబకెట్ సైటు ఉన్నట్టుండి, తన దగ్గరున్న ఫోటోలు వేరే సైట్లలో కనబడాలంటే ఏడాదికి 400 డాలర్లు కట్టమంది. ఎన్నో హాబీల వాళ్ళు ఏళ్ళ తరబడి బొమ్మలతో రాసుకున్న పాఠాలు ఒక్కరోజులో ఖాళీ పెట్టెలయ్యాయి. 2018 చివర్లో ఫ్లికర్ ఉచిత ఖాతాలకి వెయ్యి ఫోటోల హద్దు పెట్టి, మించినవి తీసేస్తామంది. అప్పటికే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉన్న ఫోటోలను మాత్రం ఉంచుతామంది. అందరూ వాడుకోవచ్చని ఇచ్చేసినవి అలా గట్టెక్కాయి. తమవిగానే అట్టేపెట్టుకున్నవాళ్ళు డబ్బయినా కట్టాలి, లేదా మూటకట్టుకోవాలి.

అందుకే నేను గుళ్ళ ఫోటోలను వికీపీడియాకి అనుబంధంగా ఉన్న వికీమీడియా కామన్స్‌లో పెడతాను. 2004 నుంచీ నడుస్తోంది, లాభం కోసం పెట్టింది కాదు, పూర్తి సైజు ఫైలు ఉంటుంది, తేదీ, స్థానం, వివరణ రాయడానికి వేరు వేరు గళ్ళున్నాయి, తెలుగులోనే రాయవచ్చు. తెలుగు వికీపీడియాలో మన ఊళ్ళ పేజీలు వేలల్లో ఉన్నాయి, చాలావాటిలో ఒక్క బొమ్మ కూడా లేదు. మీ ఊరి గుడి, చెరువు, బడి ఫోటో అక్కడ మీ పేరుతోనే ఉంటుంది. నా ఫోటో ఎవరో వాడేసుకుంటారన్న బాధ నాకు అర్థమవుతుంది. అయితే దానికి మందుగా శిల్పం మొహం మీద అడ్డంగా పేరు అచ్చేసుకోవడం మాత్రం వద్దు. పోల్చిచూడాల్సి వచ్చినరోజు ఆ ముక్కు విరుపే గుర్తు కావచ్చు, దాని మీద మన పేరు కూర్చుని ఉంటుంది. పేరు అంచున వేసుకోండి, లైసెన్సులో రాయండి.

2018 జూలై నుంచి కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో అజంతా, తాజ్‌మహల్ లోపలి సమాధి గది లాంటి రెండు మూడు చోట్ల తప్ప ఫోటోలకి అభ్యంతరం లేదు. పూజలు జరిగే గుళ్ళలో గర్భగుడి జోలికి పోవద్దు, అక్కడి వారి నమ్మకాన్ని మన్నించాలి. బయటి గోడలు, స్తంభాలు, ప్రాకారంలో నిలబెట్టిన శాసనాలే చాలినంత పని. లేపాక్షి వెళ్ళినవాళ్ళందరూ వేలాడే స్తంభం కింద బట్ట లాగే ఫోటోనే పెడుతున్నారు. తల ఎత్తితే కప్పు నిండా విజయనగర కాలపు చిత్రాలున్నాయి. రంగు ఊడుతున్న ఆ బొమ్మలకి ఏటేటా తీసిన ఫోటోలు కావాలి. పెన్నా లోయ అంచున కూర్చున్న ఫోటో గండికోటకి ఇప్పటికే చాలినన్ని ఉన్నాయి.

తీసే పద్ధతి గురించి నాకు తెలిసింది చెబుతాను. మధ్యాహ్నం ఎండ శాసనాన్ని చంపేస్తుంది. పొద్దున్నో సాయంత్రమో పక్క నుంచి పడే వెలుతురులో తీయండి, లేకపోతే స్నేహితుడి ఫోన్ టార్చి పక్కవాటుగా పట్టించండి. అక్షరాలు తేలాలని సుద్దపొడి, పిండి, పసుపు రుద్దకండి, రాయి రంధ్రాల్లో చేరితే మళ్ళీ వదలవు. పక్కన స్కేలు పెట్టండి, స్కేలు లేకపోతే పెన్ను. విరిగిన అంచులు, గీతలు, చెక్కు లేచిన చోట్లు దగ్గరగా తీయండి, ఏ రెండు రాళ్ళకీ ఒకే విరుపు ఉండదు. విగ్రహం వెనక వైపు తీయగలిగితే తప్పకుండా తీయండి. చివరికి రాయి ఉన్న పరిసరం ఒకటి, చెట్టూ గోడా కనబడేట్టు.

రాసేటప్పుడు జిల్లా ఒక్కటే రాయకండి. 2016లో తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, తర్వాత 33. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత వ్యాసాల్లో కోటిలింగాల కరీంనగర్ జిల్లా. ఊరు, మండలం రాస్తే ఎన్ని జిల్లాలు మారినా దొరుకుతుంది. ఊళ్ళోవాళ్ళు ఆ రాయిని ఏమని పిలుస్తారో కూడా రాయండి. "సాకలోళ్ళ రాయి", "బాలింతమ్మ", "పోతురాజు" లాంటి పేర్లు ఏ రికార్డులోనూ ఉండవు. తెలియనిచోట తెలియదని రాయండి. కాకతీయుల కాలమని ఊరికే తోసేయడం కన్నా కాలం ఖాళీగా వదలడం మేలు. గుడి కనబడితే కాకతీయమనీ, బావి కనబడితే రుద్రమదేవి తవ్వించిందనీ రాసేయడం వల్ల తర్వాతివాళ్ళు ఆ తప్పును ఏళ్ళ తరబడి మోస్తున్నారు.

చివరిగా, మీ ఇంట్లో బీరువా అడుగున ఉన్న ఆల్బం. 1970లలో, 80లలో కెమెరా ఉన్న ఇల్లు అరుదు. అయినా తీర్థానికో, పెళ్ళికో, ఎక్స్‌కర్షన్‌కో వెళ్ళినప్పుడు గుడి ముందు వరసగా నిలబడి దిగిన ఫోటోలు అందరిళ్ళలోనూ కొన్ని ఉంటాయి. మనం వాటిలో మనవాళ్ళ మొహాలే చూస్తాం. భుజాల మధ్య నుంచి వెనక కనబడే గోడ ఇప్పుడు ఉండకపోవచ్చు. శ్రీశైలం జలాశయం కింద 1980ల మొదట్లో వంద దాకా ఊళ్ళు మునిగిపోయాయి. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడలిలో ఉన్న సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్ళీ కట్టారు. కట్టించుకోని గుళ్ళు, రచ్చబండలు, దేవరరాళ్ళు నీళ్ళలోనే ఉన్నాయి. పోలవరం కింద ఊళ్ళు ఇప్పుడు ఖాళీ అవుతున్నాయి, అక్కడ ఫోన్ ఉన్న ప్రతి కుర్రాడూ ఈ నెలలోనే తన ఊరి ప్రతి రాయినీ తీసి, పేరు రాసి పెట్టాలని నా కోరిక.

కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు బంధువులుంటే ఆల్బంలు అడగండి. ఫోటోలో ఉన్నది ఎవరో, ఏ ఊరో, ఏ ఏడో పెద్దవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పించుకోండి. "మీ నాన్న ఉద్యోగంలో చేరిన ఏడు" అంటే అదే రాయండి, లెక్క తర్వాత కట్టుకోవచ్చు. ఫోటో వెనక మెత్తటి పెన్సిల్‌తో రాయండి, బాల్‌పెన్నుతో నొక్కి రాస్తే ముందువైపు గీతలు తేలతాయి. స్కాన్ చేసేటప్పుడు వెనక వైపు కూడా చేయండి. స్టూడియో ముద్ర, ఊరు, ఒక్కోసారి తేదీ ఉండేది అటువైపే.